మెయిడెన్ కోసం వెళ్ళి, పరిక్రమను వెంట తెచ్చుకున్నాం

మొన్న మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. పదహారేళ్ళవాడు, అనంతపురంలో ఇంటర్ చదువుతున్నాడు. స్నేహితులతో కలిసి బెంగళూరులో ఏదో రాక్ షోకి పోతున్నాడట. "యాడ దిగల్ల మామా? ఎన్నింటికి పోతే సరిపోతాది?" అన్నాడు. మీ నాన్నను అడగకపోయావా అంటే, అడిగాడట. "మీ మామను అడుగు, నాకు చెవులు నొప్పి పెట్టింది మాత్రమే గుర్తుండాది" అన్నాడట మా బావ.

అబద్ధం. బావకు ఇంకోటి కూడా గుర్తుంది. అది వాడికి చెప్పడం మొదలుపెట్టి గంటన్నర మాట్లాడాను. ఫోన్‌లో చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం కుదురుగా రాస్తున్నాను.

2007 మార్చి 17, శనివారం. ఈ తేదీ చెప్పగానే క్రికెట్ చూసేవాళ్ళకు బంగ్లాదేశ్ గుర్తొచ్చి కడుపు మండుతుంది. నాకు వయొలిన్ గుర్తొస్తుంది. ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండు ఐరన్ మెయిడెన్ మొట్టమొదటిసారి మన దేశంలో వాయించింది ఆ రోజే, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో. అప్పుడు నేను హైదరాబాద్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ అమీర్‌పేటలో ఒక గదిలో ఉండేవాణ్ణి. రూమ్మేట్‌ది కరీంనగర్. మా ఇద్దరికీ కలిపి ఒక కంప్యూటర్, కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీ3 సీడీలు ఓ పాతిక. ఒక్కో సీడీలో నూటయాభై పాటలుండేవి. మెయిడెన్ పాటలన్నీ అందులోంచే నేర్చుకున్నాం, సగం తప్పు పేర్లతో.

టికెట్లు బెంగళూరులో ఉన్న మా బావ కొన్నాడు. అప్పటికి మేనత్త కొడుకే, అక్కను ఇంకా చేసుకోలేదు. అతనికి రాక్ అంటే పడదు. చిన్నప్పుడు ధర్మవరంలో భజన మండలిలో మృదంగం వాయించిన మనిషి. "ఆ అరుపులకు దుడ్లు పెట్టి పోతారేమప్పా?" అని తిడుతూనే వెళ్ళి మూడు టికెట్లు తెచ్చాడు. మూడోది ఎవరికని అడిగితే, "మీరిద్దరూ తప్పిపోతే అత్తకు నేను జవాబు చెప్పల్ల గదా" అన్నాడు.

శుక్రవారం రాత్రి కాచిగూడలో రైలెక్కాం. కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగా పోయే రైలు. మా ఊరి స్టేషన్‌ను నిద్రలోనే దాటేశాను. ఈ దారిలో వచ్చేవాళ్ళకు ఒక మాట. పని బెంగళూరుకు ఉత్తరాన ఉంటే ఊరి మధ్యలోని మెజెస్టిక్ దాకా పోవద్దు. యలహంకలో దిగి బళ్ళారి రోడ్డు బస్సు పట్టుకుంటే నేరుగా మేఖ్రీ సర్కిల్‌కు వస్తారు, ప్యాలెస్ గ్రౌండ్స్ అక్కడే. ఇది మాకు అప్పుడు తెలియదు. ఊరి మధ్యకు పోయి లాడ్జి తీసుకుని, మళ్ళీ వచ్చిన దారినే వెనక్కి వచ్చాం.

లాడ్జి మెజెస్టిక్ వెనక సందులో. రోజుకు 450 రూపాయలు, ఇరవై నాలుగు గంటల చెకౌట్. ఆ చెకౌట్ ఒక్కటే దాని గొప్పతనం. ఉదయం తొమ్మిదికి దిగితే మర్నాడు తొమ్మిది దాకా గది మనదే, లెక్క ఖచ్చితం. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది వరకే. మేం దిగేసరికి ఆ గడువు దాటిపోయింది. మంచం మీద నల్లుల సంగతి రాత్రికి గానీ తెలియలేదు. బస్టాండు, రైల్వే స్టేషన్ నడిచే దూరంలో ఉండాలి, ఒక్క రాత్రి పడుకుంటే చాలు అనుకునేవాళ్ళకు మెజెస్టిక్ పనికొస్తుంది. పక్కన మనిషి ఉంటే పనికొస్తుంది అనడం ఇంకా నిజం. ఒంటరిగా పోయే పిల్లలకు నేను చెప్పను. మా మేనల్లుడికి చెప్పింది కంటోన్మెంట్ స్టేషన్ చుట్టుపక్కల, వసంతనగర్ వైపు. అద్దె కొంచెం ఎక్కువ పడుతుంది, కానీ షో ప్యాలెస్ గ్రౌండ్స్‌లోనే అయితే అర్ధరాత్రి ఆటోవాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు, నడిచి వచ్చేయొచ్చు. ఇప్పుడు పెద్ద షోలు ఊరి బయట కూడా జరుగుతున్నాయి కాబట్టి ముందు టికెట్ మీద స్థలం చూసుకోమన్నాను.

మధ్యాహ్నం బావ తన పీజీ నుంచి వచ్చాడు. మా ఇద్దరి నల్ల టీషర్టులు చూసి, "ఎవురన్నా పోయినారా?" అన్నాడు.

మేం ముగ్గురం నాలుగింటికే గేటు దగ్గరున్నాం. తెలివితేటలతో కాదు, భయంతో. లైను పెద్దదైతే వెనకబడిపోతామని, ముందువరుస దొరకదని టెన్షన్. లైను పెద్దదే. మార్చి ఎండ బెంగళూరులో కూడా ఎండే. గేటు దగ్గర నీళ్ళ సీసాలు లాగేశారు, నా బెల్టు లాగేశారు, రూమ్మేట్ జేబులో చిల్లర నాణేలు కూడా తీయించారు. స్టేజి మీదికి విసురుతారని కాబోలు. దాచిపెట్టి తిరిగి ఇచ్చే కౌంటర్ లాంటిది లేదు. బెల్టు పోయినట్టే. రాత్రంతా ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని రెండో చేయి మాత్రమే పైకెత్తాను. లోపల నీళ్ళు బయటి ధరకు మూడింతలు. మరుగుదొడ్లు ఎన్ని పెట్టారో లెక్కపెట్టే ధైర్యం చేయలేదు. జనాన్ని చూసి నీళ్ళు తాగడమే తగ్గించాం. దీనికంటే మా ఊరి తిరునాళ్ళలో ఏర్పాట్లు నయం. సరే, వాళ్ళూ ఇంత జనాన్ని అప్పటికి ఎన్నిసార్లు చూసి ఉంటారులే.

ఇక అసలు సంగతి.

ఆ రోజు మెయిడెన్ కంటే ముందు రెండు ఓపెనింగ్ ప్రదర్శనలున్నాయి. ఒకటి మెయిడెన్ బాస్ గిటారిస్టు స్టీవ్ హారిస్ కూతురు లారెన్ హారిస్‌ది. రెండోది ఢిల్లీ నుంచి వచ్చిన పరిక్రమ. పేరు చూసి మేం ముగ్గురం మూడు రకాలుగా అనుకున్నాం. రూమ్మేట్ ఏదో ఫ్యూజన్ సంగీతం అన్నాడు. నేను నిలబడి ఓర్చుకోవాల్సిన అరగంట అనుకున్నాను. బావ మాత్రం సంతోషపడ్డాడు. పరిక్రమ అంటే ప్రదక్షిణే కదా, ఒక భజన బృందమన్నా పెట్టినారు అన్నాడు.

ఓపెనింగ్ బ్యాండ్ పని ఎంత కష్టమో అంతకు ముందు ఎప్పుడూ ఆలోచించలేదు. ఎండ పోలేదు కాబట్టి లైట్లు వేసినా వేయనట్టే. వెనక పెద్ద బ్యాండు సామానంతా నల్లగుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. దాని ముందు మిగిలిన వసారా లాంటి జాగాలో వీళ్ళు సర్దుకోవాలి. సౌండ్ కూడా పూర్తిగా వీళ్ళ చేతికివ్వరు, మోత రాత్రికి దాచిపెడతారు. ఇచ్చేది ముప్పై నలభై నిమిషాలు. ఎదురుగా ఉన్న వేలమందిలో ఒక్కడూ వీళ్ళ కోసం వచ్చినవాడు కాదు. మా చుట్టూ జనం అప్పటికే "మెయిడెన్! మెయిడెన్!" అని అరుస్తున్నారు. వీళ్ళు వైర్లు తగిలించుకుంటుంటే కూడా అదే అరుపు. పెళ్ళివారింట్లో భోజనాల వేళకు హరికథ మొదలుపెట్టినవాడి పరిస్థితి.

మొదటి పాట నాకు పట్టలేదు, నిజం చెప్పాలి కదా. గిటార్లు గరగరలాడాయి, డ్రమ్స్ బరువుగా పడ్డాయి, గాయకుడు నితిన్ మాలిక్ గొంతు బాగుంది. బాగుంది, అంతే. ఇలాంటివి మన ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో కూడా వింటాం అనుకున్నాను. పక్కనవాడు చిప్స్ ప్యాకెట్ విప్పాడు.

రెండోదో మూడోదో గుర్తు లేదు, ఒక పాట మధ్యలో ఒకతను వయొలిన్ భుజానికెత్తాడు. ఇమ్రాన్ ఖాన్ అని తర్వాత తెలుసుకున్నాను. వయొలిన్ అంటే మనకు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు, లేకపోతే రేడియోలో పొద్దున్నే కచేరీ. సుఖంగా కూర్చుని, మడత నలగని పంచెతో, కళ్ళు మూసుకుని వాయించేది. ఇతను నిలబడి, గిటార్ పక్కకు వచ్చి, గిటార్ ఏ వరస వాయిస్తోందో అదే వరస పట్టుకున్నాడు. రెండూ కలిసి ఒకే గొంతులా కొంతదూరం పోయాయి. తర్వాత గిటార్ ఒక మాట అంటే వయొలిన్ ఇంకో మాట అనడం మొదలైంది. హార్డ్ రాక్‌లో గిటార్ గరగర మధ్య స్థాయి అంతా ఆక్రమించుకుని ఉంటుంది, ఇంకో తీగవాయిద్యం దూరడానికి సందుండదు. వయొలిన్ ఆ మోత పైనుంచి, సన్నగా, ఒక జారుతో వచ్చింది. ఆ జారు ఇక్కడిది. ఇంగ్లీషు పాటలో నిలబడి మన గమకం మనకు వినిపిస్తే ఎలా ఉంటుందో నాకు చెప్పడం రాదు. పరాయి ఊళ్ళో బస్సులో వెనక సీట్లోంచి అనంతపురం యాస వినిపించినట్టు అనుకోండి.

బావ నా భుజం పట్టుకుని ఊపాడు. "ఎవురప్పా ఈ పిల్లోడు?" అన్నాడు. అతని కుడిచేయి తొడ మీద తాళం వేస్తోంది.

లీడ్ గిటార్ వాయించినతను సోనమ్ షెర్పా. వేళ్ళ వేగం చూపించుకునే తొందర అతనికి లేదు. ఒక స్వరాన్ని వంచి, అక్కడే ఆపి, జనం వచ్చేదాకా కాచుకున్నట్టు వాయించాడు. కీబోర్డు దగ్గర సుబీర్ మాలిక్. కీబోర్డు ధ్వని డెబ్బైల నాటి ఆర్గాన్‌లా బొంగురుగా ఉంది. పాత డీప్ పర్పుల్ బ్యాండును విన్నవాళ్ళకు ఆ రుచి వెంటనే తెలుస్తుంది. "బట్ ఇట్ రెయిన్డ్" అనే పాట దగ్గర మాత్రం గోల తగ్గింది. మొత్తం ఆగలేదు, తగ్గింది. ఆ పాట వెనక కాశ్మీర్‌లో జరిగిన కిడ్నాపుల బాధ ఉందని చాలా రోజుల తర్వాత చదివాను. ఆ సాయంత్రం నాకు అర్థమైంది వాన ఒక్కటే. ఎవరి కోసమో ఎదురుచూడటం, వాన పడటం. దానికి కాశ్మీర్ సంగతి తెలియనక్కర్లేదు, వానకు ఎదురుచూడటం అనంతపురం వాడికి ఒకరు నేర్పాలా.

వాళ్ళు దిగిపోయేటప్పుడు మా చుట్టూ చప్పట్లు గట్టిగానే వచ్చాయి. చిప్స్ తినేవాడు కూడా ప్యాకెట్ చంకలో పెట్టుకుని కొట్టాడు.

లారెన్ హారిస్ హుషారుగా పాడింది. ఒక్క పాట కూడా ఇప్పుడు గుర్తు లేదు, అది ఆమె తప్పని అననులే.

మెయిడెన్ గురించి రాయడానికి నేను సరిపోను, రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ముగ్గురు గిటారిస్టులు, గాయకుడు బ్రూస్ డికిన్సన్ పరుగులు, అప్పటికి ఏడాది కూడా నిండని "ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్" ఆల్బమ్ పాటలు. "ఫియర్ ఆఫ్ ది డార్క్" మొదలవగానే అన్ని వేల గొంతులు మాటలు లేని గిటార్ వరసను పాడాయి. రూమ్మేట్ ఏడ్చాడు. బావ చేతిరుమాలు రెండుగా చింపి చెవుల్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని, ఆఖరిదాకా నిలబడ్డాడు. మధ్యలో ఒకసారి రుమాలు తీసి నా చెవిలో అరిచాడు, "ఆ వయొలిన్ పిల్లోడు మళ్ళీ రాడా?"

షో అయ్యాక గేటు దాటి రోడ్డు మీదికి రావడానికే చాలాసేపు పట్టింది. రాత్రి పది దాటితే ఆటో మీటరు మీద ఒకటిన్నర రెట్లు. అది నియమం, దానికి ఎవరూ గొడవపడరు. మీటరు వేసేవాడు దొరికితే కదా. మమ్మల్ని ఎక్కించుకున్న అతను ఒకటిన్నర కాదు, మూడింతలు అడిగాడు. అడగడం కూడా నీరసంగా అడిగాడు. ఏమైందంటే రేడియో వైపు చూపించాడు. వెస్టిండీస్‌లో ప్రపంచకప్, మన మొదటి మ్యాచ్, బంగ్లాదేశ్ మీద 191కి ఆలౌట్. కెప్టెన్ ద్రావిడ్ వాళ్ళ ఊరివాడే. ఆ ఆటోలో బేరమాడటానికి మాకు నోరు రాలేదు, అతనికీ మనసు లేదు.

లాడ్జి రిసెప్షన్‌లో చిన్న టీవీ చుట్టూ పదిమంది. మేం చెవుల్లో ఇంకా గుయ్యిమంటుంటే మెట్ల మీద కూర్చున్నాం. ఎవరో ఎడమచేతి కుర్రాడు, ఇంకా పద్దెనిమిది నిండలేదట, జహీర్ ఖాన్‌ను క్రీజు వదిలి ముందుకొచ్చి కొడుతున్నాడు. తమీమ్ ఇక్బాల్ అని తెరమీద పేరు వచ్చింది. అంతకు ముందు ఎవరికీ తెలియదు. ఆ విధంగా ఒక్క రాత్రిలో నాకు ఇద్దరు ఓపెనర్లు పరిచయమయ్యారు. ఒకరు తెచ్చిన సంతోషాన్ని ఇంకొకరు లాక్కుపోయారు. రెండున్నర దాకా చూశాం, ఎలాగూ నల్లులు పడుకోనివ్వలేదు.

ఆదివారం మొత్తం తిండికి, సీడీకి ఖర్చయింది. పొద్దున లాల్‌బాగ్ రోడ్డులో ఎంటీఆర్. 1924 నాటి హోటలు. ఆదివారం పొద్దున పేరు రాయించుకుని కాచుకోవాలి, ఆకలితో పోకండి, కొంచెం తిని పోండి. వాళ్ళ రవ్వ ఇడ్లీ, పక్కన చిన్న గిన్నెలో నెయ్యి. బావకు అక్కడ చట్నీలో కారం చాలలేదు. నాకు ఆ కాఫీ వెండి గ్లాసులో రావడం నచ్చింది. మధ్యాహ్నం రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలో అరిటాకు భోజనం. పప్పు, పొడి, నెయ్యి, ఆవకాయ. బెంగళూరులో దిగులుపడ్డ తెలుగు కుర్రాళ్ళంతా అక్కడే కనిపిస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చి బెంగళూరులో ఆంధ్రా భోజనం తినడం ఏమిటని రూమ్మేట్ సణిగాడు గానీ, అన్నం మూడుసార్లు పెట్టించుకున్నాడు. రెండింటిలో ఒక్కదానికే సమయముంటే? పొద్దున్నే లేవగలిగితే ఎంటీఆర్. రాత్రి రెండున్నర దాకా తమీమ్ ఇక్బాల్‌ను చూసి ఉంటే నాగార్జున.

బ్రిగేడ్ రోడ్డులో సీడీ షాపుకు పోయి పరిక్రమ సీడీ ఇవ్వమన్నాం. డబ్బులు బావ తీశాడు, ఇది గుర్తుపెట్టుకోండి. షాపతను నవ్వాడు. వాళ్ళు సీడీలు వేయరు అన్నాడు. 1991 నుంచి వాయిస్తున్నారు, ఒక్క ఆల్బమ్ కూడా అమ్మకానికి పెట్టలేదు, పాటలన్నీ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఊరికే తీసుకోవచ్చు అని కాగితం మీద పేరు రాసిచ్చాడు. మాకు నమ్మకం కుదరలేదు. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని మన అనుమానం కదా. నడిచి వెళ్ళి ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్నాం. గంటకు ఇరవై రూపాయలు. నాలుగు పాటలు దిగడానికి గంటంబావు. మొత్తం ప్రయాణంలో పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం జరిగింది ఆ పాతిక రూపాయలకే. సీడీలో రాయించుకుని రెండు కాపీలు తీసుకున్నాం.

తిరుగు ప్రయాణం గురించి చెప్పాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉగాది రెండు మూడు రోజుల్లో ఉంది. రైల్లో చోటు లేదు. ప్రైవేటు బస్సు మామూలు ధరకు రెట్టింపు చెప్పాడు, ఇచ్చాం. తొమ్మిదింటికి అన్నది పదకొండుకు వచ్చింది. ఏసీ లోంచి నీళ్ళు నా మోకాలి మీద పడుతుంటే క్లీనర్ ఒక గుడ్డ ఇచ్చాడు, పట్టుకోమని. ఆ ట్రావెల్స్ పేరు రాయను, వాళ్ళొక్కరే కాదు కాబట్టి. పండగ ముందు బెంగళూరు నుంచి మన ఊళ్ళకు రావాల్సి వస్తే నెల ముందే రైలు టికెట్టు తీసుకోండి, లేకపోతే పగటిపూట ప్రభుత్వ బస్సుల్లో హిందూపురం, అనంతపురం, కర్నూలు అని విడతలుగా రండి. నడుము పోతుంది గానీ మర్యాద మిగులుతుంది. రాత్రి రెండింటికి మా బస్సు అనంతపురం బైపాస్ దాటింది. దిగి ఇంటికి పోదామా అని ఒక క్షణం అనిపించింది. సోమవారం ఆఫీసు.

ఆ జూన్‌లో పేపర్లో చిన్న వార్త చూశాను. ఇంగ్లండ్ డోనింగ్టన్‌లో జరిగే డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో పరిక్రమ వాయించింది. ఆ ఏడాది అక్కడ ప్రధాన బ్యాండుల్లో ఐరన్ మెయిడెన్ ఒకటి. బెంగళూరులో వీళ్ళను విన్న మెయిడెన్ మేనేజర్ పిలిపించాడని రాశారు. అంటే ఆ సాయంత్రం స్టేజి వెనకనుంచి కూడా ఒకరు బావలాగే "ఎవరీ పిల్లలు?" అని అడిగి ఉంటారు. బావకు ఫోన్ చేసి చెప్తే, "నేను ముందే చెప్పినా గదా" అన్నాడు. ఏం చెప్పాడో నాకు గుర్తు లేదు, అయినా ఒప్పుకున్నాను.

రెండోసారి వాళ్ళను హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఫెస్టులో విన్నాను. ఈసారి వాళ్ళే పెద్ద బ్యాండు, రాత్రి లైట్లు, రెండు గంటల సమయం, పేరు పెట్టి అరిచే జనం. బాగా వాయించారు. కానీ మొదటిసారి పట్టినంత గట్టిగా పట్టలేదు. మధ్యలో వేరేవాళ్ళ పాత పాటలు చాలా వచ్చాయి, పిల్లలు అవే అడిగారు. బెంగళూరులో ఇచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో వాళ్ళు తమ దగ్గరున్నది మాత్రమే ఏరి పెట్టారు, ఒక్క మెతుకు వృథా కాకుండా. మనకు ఇష్టమని తెలిసి వెళ్ళిన షోలో ఆ ఉలికిపాటు ఎక్కడిది?

అంత తెలిసీ 2011లో పొరపాటు చేశాను. అక్టోబర్ 30, అమెరికా మెటల్ బ్యాండు మెటాలికా, మళ్ళీ ప్యాలెస్ గ్రౌండ్స్. రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో రద్దయి గొడవలయ్యాయి. అందుకని క్యూలో ఢిల్లీ హిందీ బాగా వినిపించింది. నేను ఈసారి మారతహళ్ళిలో తెలుగువాళ్ళు నడిపే ఒక పీజీలో దిగాను, తమ్ముడి వరసవాడి గదిలో, అతిథికి రోజుకు 150. గది శుభ్రం, వేడినీళ్ళు ఎప్పుడంటే అప్పుడు, పొద్దున ఉప్మా, రాత్రి పప్పుచారు. నల్లులు లేవు. మెజెస్టిక్ లాడ్జితో పోలిస్తే అత్తగారిల్లు. కానీ మారతహళ్ళి నుంచి ఊళ్ళోకి రావడమంటే అదొక యాత్ర. దానికి తోడు, బయ్యప్పనహళ్ళి నుంచి ఎంజీ రోడ్డు దాకా మెట్రో మొదలై పది రోజులే అయింది. మెట్రో ఎక్కుదామని తమ్ముడికి సరదా. ఊరంతటికీ అదే సరదా ఆ ఆదివారం. పిల్లల్ని ఎత్తుకుని, టిఫిన్ డబ్బాలతో, రైలు చూడటానికి వచ్చిన సంసారాల వెనక టోకెన్ల లైన్లో నిలబడ్డాం. ఎంజీ రోడ్డులో దిగి ఆటో దొరికి గ్రౌండ్‌కు చేరేసరికి మన బ్యాండులు వాయించడం అయిపోయింది. స్కాట్లాండ్ వాళ్ళు బిఫీ క్లైరో చివరి పాటల్లో ఉన్నారు. చొక్కాల్లేకుండా, చెమటతో, ప్రాణం పెట్టి వాయిస్తున్నారు. నాకు తల కనిపించింది, తోక కనిపించింది, పాట అందలేదు. మెటాలికా బ్రహ్మాండంగా వాయించింది. అది వస్తుందని తెలిసే కదా పోయింది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా బస, బండి, భోజనం అన్నిటికీ నా దగ్గర ఒకటే కొలత. నాలుగింటికి గేటు దగ్గర పెట్టగలదా లేదా? ఆ లెక్కన నల్లుల లాడ్జికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను, పప్పుచారు పీజీకి తక్కువ. అన్యాయమే. ఆ పీజీ ఓనరమ్మ వింటే బాధపడుతుంది.

2020 ఫిబ్రవరి 14న పొద్దున సోనమ్ షెర్పా డార్జిలింగ్ దగ్గర కర్సియాంగ్‌లో గుండెపోటుతో పోయాడు. నలభై ఎనిమిదేళ్ళు. వార్త నేను చూడకముందే బావ పంపించాడు. అప్పటికి అక్కను చేసుకుని అనంతపురం వచ్చేసి పన్నెండేళ్ళయింది, మృదంగం అటక మీద ఉంది, రాక్ సంగీతం అంటే ఇప్పటికీ అరుపులే అతనికి. కింద ఒక్క వాక్యం రాశాడు. "ఆ పొద్దు ఒక్క స్వరం పట్టుకోని నిలబడినాడు చూడు, ఆయప్పేనా?" ఆయనే అని జవాబిచ్చాను. ఆ ఇంటర్నెట్ సెంటర్ సీడీ కాపీ ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది, అరిగిపోయి రెండో పాట దగ్గర ఆగుతుంది. ఫోన్‌లోకి ఎక్కించి పంపాను.

మేనల్లుడు నిన్న సాయంత్రం గేటు దగ్గరనుంచి ఫోన్ చేశాడు. "మామా, నాలుగు కూడా కాలేదు. ఇంత ముందు రమ్మన్యావు, ఈడ ఎవురూ లేరు, ఎండ పీకుతాంది" అని తిట్టాడు. వెనక డ్రమ్ముల చప్పుడు వినిపిస్తోంది. ఎవర్రా అది అన్నాను.

"ఏమో మామా. ఎవురో ముందు వాయించేవాళ్ళంట, సౌండు చూసుకుంటాండారు. పేరు బోర్డు మీద చిన్నగా రాసినారు, ఈన్నించి కనపడ్లా."

దగ్గరికి పోయి చదవమన్నాను.